సమీకరణంలో రెండు ఉంటే క్రమాంకం ఒకటి ఎలా అయింది?

ప్రశ్న: ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. రసాయన గతిశాస్త్రం పాఠంలో ఒకచోట ఆగిపోయాను. డైనైట్రోజన్ పెంటాక్సైడ్ విఘటన సమీకరణంలో దాని ముందు 2 ఉంది. క్రమాంకం, అంటే రేటు నియమంలో (రేటు గాఢతలపై ఎలా ఆధారపడుతుందో చెప్పే సూత్రంలో) గాఢతల ఘాతాల మొత్తం, మాత్రం 1 అంటారు. గుణకాలను (సమీకరణంలో పదార్థాల ముందున్న అంకెలను) చూసి క్రమాంకం చెప్పకూడదు, ప్రయోగం చేసి తెలుసుకోవాలి అని పుస్తకంలో ఉంది. కొన్ని పేజీల తరువాత చర్యా విధానం (చర్య ఏయే దశల్లో జరుగుతుందో చెప్పేది) వచ్చేసరికి ఒక్కో దశకూ గుణకాలనే ఘాతాలుగా పెట్టి రేటు రాసేస్తున్నారు. అక్కడ తప్పైనది ఇక్కడ ఒప్పెలా అవుతుంది? అసలు ఆ దశలను ఎవరు చూశారు? అడిగితే పరీక్షకు ఇంతవరకు చాలన్నారు. లెక్కలు చేయగలుగుతున్నాను, మార్కులూ వస్తున్నాయి, కానీ అర్థమైందని అనిపించడం లేదు. బట్టీ పట్టి వదిలేయమంటారా?

సమాధానం:

వదిలేయవద్దమ్మా. నువ్వు ఆగినది ఆగవలసిన చోటే. ఆ పాఠంలో అసలు ప్రశ్న అదే. అర్ధాయువు సూత్రాలూ లాగరిథమ్ లెక్కలూ దాని తరువాతివి. పుస్తకంలో బాణం గుర్తుతో రాసే సమీకరణాలు రెండు రకాలు. చూడటానికి ఒకేలా ఉంటాయి, చెప్పే సంగతులు మాత్రం వేరు. ఆ తేడా విడమరచకుండా నిన్ను లెక్కల్లోకి దింపారు. అందుకే లెక్క వచ్చింది, మనసుకు పట్టలేదు.

మొదటిది తుల్య సమీకరణం. అది వ్యాపారి నెలాఖరున వేసుకునే జమాఖర్చుల పద్దు లాంటిది. ఎంత పోయింది, ఎంత వచ్చింది, రెండు వైపులా సరిపోయిందా అన్నంతవరకే దాని పని. ఏ సరుకు ముందు కదిలింది, ఏది గోదాములో పడి ఉంది అన్నది పద్దులో ఉండదు. రెండు పెంటాక్సైడ్ అణువులు పోయి నాలుగు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు వచ్చాయని మాత్రమే నీ సమీకరణం చెబుతోంది. ఆ రెండు అణువులూ ఒకదానినొకటి ఢీకొన్నాయని అందులో ఎక్కడా లేదు. అది మనం చేర్చుకున్న ఊహ.

కావాలంటే పరీక్షించి చూడు. అదే సమీకరణాన్ని రెండుతో భాగించి రాయి: ఒక పెంటాక్సైడ్, రెండు డయాక్సైడ్‌లు, అర ఆక్సిజన్. తుల్యత చెడలేదు. మొత్తాన్ని మూడుతో హెచ్చవేసినా చెడదు. గుణకమే క్రమాంకమైతే, నువ్వు కాగితం మీద హెచ్చవేసిన ప్రతిసారీ ఫ్లాస్కులోని వాయువు తన వేగం తీరు మార్చుకోవాలి. ఫ్లాస్కుకు మన రాతతో పనేముంది? గుణకాల నుంచి క్రమాంకం రాబట్టలేమని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద నిరూపణ అక్కర్లేదు.

మీ పాఠంలోనే ఇంకో ఉదాహరణ ఉంటుంది, చాలామంది చదవకుండా దాటేస్తారు. పొటాషియం క్లోరేట్, ఫెర్రస్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసి జరిగే చర్య. గుణకాలు 1, 6, 3. కూడితే పది. ప్రయోగం చేస్తే క్రమాంకం రెండే. పది కణాలు ఒకే క్షణాన, ఒకే చోట, సరైన దిక్కున వచ్చి ఢీకొనాలంటే ఎంత అసాధ్యమో ఆలోచించు. మూడు కలవడమే అరుదు. కాబట్టి ఇంత పెద్ద సమీకరణం ఒక్క అడుగులో జరిగి ఉండదు, చిన్న చిన్న దశలుగా జరిగి ఉంటుంది.

ఆ చిన్న దశే రెండో రకం సమీకరణం. ప్రాథమిక చర్య అంటారు. ఇది మొత్తం లెక్క చెప్పదు, ఒక సంఘటనను చెబుతుంది: ఈ అణువు వెళ్లి ఆ అణువును ఢీకొంది, ఇది పుట్టింది. దీన్ని రెండుతో హెచ్చవేసి రాయడానికి వీల్లేదు. రాస్తే సంఘటనే మారిపోతుంది. ఒక అణువు ఇంకో రకం అణువును ఢీకొనే దశ అయితే, మొదటిదాని గాఢత రెట్టింపు చేస్తే ఢీకొనే సందర్భాలు రెట్టింపవుతాయి, రేటూ రెట్టింపవుతుంది. ఒకే రకం అణువులు రెండు ఢీకొనే దశ అయితే, గాఢత రెట్టింపు చేసినప్పుడు ఢీకొనే సందర్భాలు నాలుగింతలవుతాయి. అందుకే వర్గం. ఇక్కడి అంకెలు రెండు వైపులా సరిపోవడానికి వేసినవి కావు, ఆ దశలో పాల్గొన్న అణువులను లెక్కపెట్టి వేసినవి. అందుకే అక్కడ చెల్లనిది ఇక్కడ చెల్లుతుంది.

ఆ లెక్కనే అణుత అంటాం. అది 1, 2, అరుదుగా 3. సున్నా కాదు, భిన్నం కాదు; అర అణువు వెళ్లి దేన్నీ ఢీకొట్టదు. క్రమాంకం మొత్తం చర్యకు ప్రయోగంలో కనబడే విలువ, కనుక అది సున్నా కావచ్చు, ఒకటిన్నర కావచ్చు. అణుతకూ క్రమాంకానికీ భేదాలు రాయమని పరీక్షలో అడిగినప్పుడు పట్టిక బట్టీ పట్టనక్కర్లేదు, ఈ రెండు వాక్యాలు పట్టుకుంటే మిగతావన్నీ వాటి నుంచి రాలతాయి.

ఇక నీ పెంటాక్సైడ్ సంగతి. ఈ చర్య ప్రథమ క్రమాంకమని 1921లో డేనియల్స్, జాన్‌స్టన్ జాగ్రత్తగా కొలిచి చూపారు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద వాయువుగా ఉన్నప్పుడు దాని అర్ధాయువు సుమారు 5.7 గంటలు, ఎంత మొత్తంతో మొదలుపెట్టినా సగం కావడానికి పట్టే కాలం అంతే. అంత తేలికగా కనిపించే రేటు నియమం వెనుక ఏం జరుగుతోందో రిచర్డ్ ఆగ్ 1947లో గాని చెప్పలేకపోయాడు. ఆయన చెప్పిన దశలు ఇవి. మొదట ఒక పెంటాక్సైడ్ అణువు విడిపోయి నైట్రోజన్ డయాక్సైడ్, నైట్రోజన్ ట్రైయాక్సైడ్ అవుతుంది. ఈ రెండూ చాలాసార్లు మళ్లీ కలిసిపోతాయి కూడా. అంటే అటూ ఇటూ సాగే దశ. ఎప్పుడో ఒకసారి అవి ఢీకొన్నా కలవకుండా, నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్, నైట్రోజన్ డయాక్సైడ్‌లుగా మారతాయి. ఇది నెమ్మదైన దశ. అలా పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్‌ను ఇంకో ట్రైయాక్సైడ్ వెంటనే పట్టుకుని రెండు నైట్రోజన్ డయాక్సైడ్‌లు చేస్తుంది.

ఇప్పుడు పెన్ను తీసుకో. నెమ్మదైన దశ ఒకసారి, చివరి దశ ఒకసారి జరగాలంటే ట్రైయాక్సైడ్‌లు రెండు కావాలి. అంటే మొదటి దశ రెండుసార్లు జరగాలి. మూడింటినీ అలా కూడి చూడు: రెండు పెంటాక్సైడ్‌లు పోయి నాలుగు డయాక్సైడ్‌లు, ఒక ఆక్సిజన్ మిగులుతాయి. నీ సమీకరణంలోని 2 అక్కడి నుంచి వచ్చింది: రెండు పెంటాక్సైడ్‌లు ఢీకొన్నందుకు కాదు, ఒక్కో పెంటాక్సైడ్ తనంతట తాను విడిపోయే దశ రెండుసార్లు జరగవలసి వచ్చినందుకు.

రేటు కూడా చూద్దాం. మొత్తం చర్య వేగాన్ని నెమ్మదైన దశే నిర్ణయిస్తుంది. దాని రేటు = స్థిరాంకం × డయాక్సైడ్ గాఢత × ట్రైయాక్సైడ్ గాఢత. ఇక్కడే చాలామంది ఆపేసి సమాధానం కింద గీత గీస్తారు, మార్కులు పోగొట్టుకుంటారు. ట్రైయాక్సైడ్ మధ్యస్థం; పుట్టిన కాసేపటికే ఖర్చైపోతుంది. దాన్ని సీసాలోంచి కొలిచి పోయలేం. మనం కొలవగలిగిన పదార్థాల్లోకి దాన్ని మార్చి రాయాలి. మొదటి దశ సమతాస్థితిలో ఉంది, అంటే అటూ ఇటూ ఒకే వేగంతో సాగుతోంది కనుక, డయాక్సైడ్ గాఢతను ట్రైయాక్సైడ్ గాఢతతో హెచ్చిస్తే వచ్చే విలువ, సమతాస్థితి స్థిరాంకాన్ని పెంటాక్సైడ్ గాఢతతో హెచ్చించినదానికి సమానం. దాన్ని తెచ్చి పైన పెట్టు. రేటు = రెండు స్థిరాంకాల లబ్ధం × పెంటాక్సైడ్ గాఢత. ఘాతం ఒకటి. ప్రయోగం చెప్పిందీ అదే. ఈ ఒక్క లెక్కను పుస్తకం మూసి నీ చేత్తో చేయగలిగితే పాఠం సగం నీదైనట్టే.

ఇంకో చర్య చెబుతాను, నాకు ఎంతో ఇష్టమైనది. నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ అవుతాయి. రేటు = కె × నైట్రిక్ ఆక్సైడ్ గాఢత వర్గం × ఆక్సిజన్ గాఢత. మొత్తం క్రమాంకం మూడు. గుణకాలు కూడా 2, 1. ఇక్కడ రెండూ కలిశాయి కనుక ఒక్క అడుగులో మూడు అణువులు ఢీకొన్నాయని తేల్చేద్దామా? ఆగు. ఈ చర్యను వేడి చేస్తే రేటు తగ్గుతుంది. నువ్వు చదివిన అర్హీనియస్ సమీకరణం ప్రకారం వేడెక్కితే పెరగాలి. పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు అని మోటు లెక్క కూడా చెబుతాం. ఇది ఎదురు తిరిగింది.

దశలుగా విడదీస్తే విషయం తేలుతుంది. రెండు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు ముందు జతకడతాయి, విడిపోతాయి, మళ్లీ జతకడతాయి. అలా జతగా ఉన్నప్పుడు ఆక్సిజన్ వచ్చి ఢీకొంటే రెండు డయాక్సైడ్‌లు పుడతాయి. ఆ జత బంధం చాలా బలహీనమైనది. వేడి పెంచితే జతలు విడిపోయి వాటి సంఖ్య తగ్గుతుంది. ఆక్సిజన్ ఢీకొనే దశ కాస్త వేగవంతమైనా, ఢీకొనడానికి జతలే లేకుండా పోతున్నాయి. అందుకే మొత్తం మీద రేటు పడిపోతుంది. రేటు నియమం రాస్తే పైదే వస్తుంది, చేసి చూడు. మీ అకర్బన రసాయన శాస్త్రంలో ఆస్ట్వాల్డ్ పద్ధతి ఉంది కదా, నత్రికామ్లం తయారీ. ప్లాటినం–రోడియం ఉత్ప్రేరకం మీద అమ్మోనియాను మండించి నైట్రిక్ ఆక్సైడ్ తీశాక, ఆ వేడి వాయువులను చల్లార్చి మరీ తరువాతి ఆక్సీకరణానికి పంపుతారు. ఈ చర్య చల్లదనంలోనే చురుకుగా సాగుతుందన్నది దానికి ఒక ముఖ్య కారణం. ఒక పాఠంలో ఒక వాక్యంగా చదివి వదిలేసినదానికి కారణం ఇంకో పాఠంలో ఉంది. ఇలాంటివి తరగతిలో చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అయితే ఈ దశలే నిజమని రేటు నియమం రుజువు చేసిందా? లేదు. నైట్రిక్ ఆక్సైడ్ ముందు ఆక్సిజన్‌తో కలిసి, ఆ కలిసినది రెండో నైట్రిక్ ఆక్సైడ్‌ను ఢీకొంటుందని అనుకున్నా సరిగ్గా ఇదే రేటు నియమం వస్తుంది. ప్రయోగంతో పొసగని చర్యా విధానం తప్పని కచ్చితంగా చెప్పవచ్చు. పొసిగినంత మాత్రాన ఒప్పని చెప్పలేం. "ఎవరు చూశారు?" అన్న నీ ప్రశ్నకు సమాధానం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

దీనికి హైడ్రోజన్–అయోడిన్ చర్య కన్నా మంచి సాక్ష్యం లేదు. 1890లలో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మాక్స్ బోడెన్‌స్టైన్ మూసిన గాజు బుడ్లలో ఈ రెండింటినీ వేడి చేసి రేటు కొలిచాడు. హైడ్రోజన్ గాఢత ఘాతం ఒకటి, అయోడిన్ గాఢత ఘాతం ఒకటి. సమీకరణంలోనూ ఒక్కొక్కటే. ఇంకేముంది, ఒక హైడ్రోజన్ అణువు ఒక అయోడిన్ అణువును ఢీకొంటే రెండు హైడ్రోజన్ అయోడైడ్‌లు వస్తున్నాయని అందరూ నమ్మారు. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో ద్విఅణుక చర్యకు మచ్చుతునక ఇదే.

1967లో జాన్ సల్లివన్ అనే శాస్త్రవేత్త వేరే దారి నుంచి వచ్చాడు. అయోడిన్ అణువు ముందు రెండు పరమాణువులుగా విడిపోయి, ఆ రెండు పరమాణువులూ హైడ్రోజన్‌తో కలుస్తున్నాయనుకుంటే? విడిపోవడం సమతాస్థితిలో ఉంటే, అయోడిన్ పరమాణువుల గాఢత వర్గం అయోడిన్ అణువుల గాఢతకు అనులోమానుపాతంలో ఉంటుంది. లెక్క వేస్తే మళ్లీ అదే రేటు నియమం. వేడి చేసి కొలిచినంత కాలం ఈ రెండింటినీ విడదీయలేం. అందుకని ఆయన కాంతిని వాడాడు. సుమారు 150 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే వేడి వల్ల చర్య దాదాపు జరగనంత తక్కువ ఉష్ణోగ్రతలో, 578 నానోమీటర్ల పసుపు కాంతిని ప్రసరింపజేసి అయోడిన్ అణువులను పరమాణువులుగా విడగొట్టాడు. ఇప్పుడు పరమాణువుల సంఖ్య వేడి చేతిలో లేదు, దీపం చేతిలో ఉంది. అణువులు నేరుగా ఢీకొనడమే దారి అయితే దీపం వల్ల పెద్ద తేడా రాకూడదు. వచ్చింది. రేటు అయోడిన్ పరమాణువుల గాఢత వర్గాన్ని అనుసరించింది. పైగా ఆ రేటు స్థిరాంకాలు, ఎక్కువ వేడిలో పూర్వులు కొలిచిన విలువలతో ఒకే అర్హీనియస్ సరళరేఖ (ఉష్ణోగ్రతతో రేటు స్థిరాంకం మారే తీరును చూపే గీత) మీద కూర్చున్నాయి. ఒక్క అడుగు కథ అక్కడితో నిలవలేకపోయింది. తరువాత కూడా దీని మీద వాదోపవాదాలు జరిగాయి. ఏడు దశాబ్దాలు అందరూ ఒప్పుకున్నదాన్ని సరైన ప్రశ్న అడిగి కదిలించవచ్చని దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

పక్కనే బ్రోమిన్‌ను చూడు. సమీకరణం అచ్చు అలాంటిదే, అయోడిన్ బదులు బ్రోమిన్. బోడెన్‌స్టైనే లిండ్‌తో కలిసి కొలిస్తే బ్రోమిన్‌కు భిన్న ఘాతం వచ్చింది, హారంలో హైడ్రోజన్ బ్రోమైడ్ కూడా వచ్చింది. అంటే పుట్టిన పదార్థమే చర్యను నెమ్మది చేస్తోంది. శృంఖల చర్యగా (ఒక దశలో పుట్టిన కణం తరువాతి దశను నడిపే గొలుసులా) దాన్ని 1919–20లలో క్రిస్టియాన్సెన్, హెర్జ్‌ఫెల్డ్, మైకేల్ పొలానీ విడివిడిగా వివరించారు. ఆ పొలానీ కుమారుడు జాన్ పొలానీ 1986లో రసాయన శాస్త్ర నోబెల్ పంచుకున్నాడు, అదీ చర్య జరిగే క్షణంలో అణువుల కదలికలను పరిశీలించినందుకే. 1999లో అహ్మద్ జెవైల్‌కు నోబెల్ వచ్చింది ఫెమ్టోసెకన్ల (సెకనులో అత్యంత సూక్ష్మమైన భాగాల) లేజర్ కాంతితో బంధం తెగడాన్ని గమనించినందుకు. కాబట్టి కొన్ని దశలను ఇప్పుడు దాదాపు చూస్తున్నారనే చెప్పాలి. మిగతావాటిని మాత్రం సల్లివన్ లాగే, ఒక్కో ఊహను ప్రయోగంతో నిలదీసి పట్టుకుంటారు.

ఇక చదివే పద్ధతి. పుస్తకంలో బాణం గుర్తు కనబడగానే నిన్ను నువ్వు అడుగు: ఇది మొత్తం లెక్కా, ఒక్క దశా? పక్కన పెన్సిల్‌తో రాసుకో. దశ అని చెప్పనంతవరకు దాన్ని మొత్తం లెక్కగానే చూడు. ప్రశ్నలో గాఢతలు, రేట్ల పట్టిక ఇస్తే గుణకాల వంక చూడనే చూడవద్దు; ఒక గాఢత మారి రెండోది మారని రెండు వరుసలు వెతుక్కుని, ఎన్నింతలకు రేటు ఎన్నింతలైందో చూడు. దశలు ఇచ్చి రేటు అడిగితే నెమ్మదైన దశతో మొదలుపెట్టి, మధ్యస్థం ఉంటే తొలగించు. అయోడైడ్ అయాన్ సమక్షంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ విఘటన మీ పాఠంలో ఉంది. మొత్తం సమీకరణంలో అయోడైడ్ కనబడదు, రేటు నియమంలో కనబడుతుంది. ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు: అది నెమ్మదైన దశలో పాల్గొంటుంది, తరువాతి దశలో తిరిగి వస్తుంది.

వీలైతే కళాశాల ప్రయోగశాలలో సోడియం థయోసల్ఫేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ప్రయోగం చేయనివ్వమని అడుగు. తెల్ల కాగితం మీద నల్లగా ఇంటూ గుర్తు వేసి, దాని మీద శంఖాకార ఫ్లాస్కు పెట్టి, పై నుంచి చూస్తూ ఆమ్లం పోస్తారు. ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది. తరువాత నీలిరంగు ఛాయతో మసక మొదలై, పాలలా చిక్కబడి, గంధకం తేలుతూ ఇంటూ గుర్తును కప్పేస్తుంది. గుర్తు మాయం కావడానికి ప్రతిసారీ దాదాపు అంతే గంధకం కావాలి కనుక, పట్టిన కాలానికి విలోమం రేటును సూచిస్తుంది. థయోసల్ఫేట్ తగ్గించిన ప్రతిసారీ ఆ మేరకు నీళ్లు కలిపి మొత్తం ఘనపరిమాణం ఒకటే ఉంచు. ఇది మరచిపోతే ద్రవం లోతు మారి, గుర్తు కప్పడానికి కావలసిన గంధకమూ మారుతుంది, ఆమ్లం గాఢత కూడా మారుతుంది. ప్రతిసారీ అదే ఫ్లాస్కు వాడు, చూసేది కూడా ఒక్కరే అయితే మంచిది. సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక కిటికీలు తెరిచి చేయండి, ముఖం దగ్గరగా పెట్టవద్దు. గాఢతకు ఎదురుగా విలోమకాలాన్ని గ్రాఫులో గుర్తిస్తే మూలబిందువు నుంచి వచ్చే సరళరేఖకు దగ్గరగా బిందువులు పడతాయి. అప్పుడు థయోసల్ఫేట్‌కు క్రమాంకం ఎంతో పుస్తకాన్ని అడగవలసిన పనిలేదు.

చివరగా నీకు ఒక పని. ఓజోన్ విఘటనలో రెండు ఓజోన్ అణువులు మూడు ఆక్సిజన్ అణువులవుతాయి. దశలు రెండు: మొదట ఓజోన్ విడిపోయి ఆక్సిజన్ అణువు, ఆక్సిజన్ పరమాణువు అవుతాయి; ఇది అటూ ఇటూ వేగంగా సాగే దశ. తరువాత ఆ పరమాణువు ఇంకో ఓజోన్‌ను ఢీకొని రెండు ఆక్సిజన్ అణువులిస్తుంది, ఇది నెమ్మది. పైన పెంటాక్సైడ్‌కు చేసినట్టే రేటు నియమం రాబట్టు. ఫ్లాస్కులో ముందుగానే ఆక్సిజన్ ఎక్కువగా ఉంటే ఈ చర్య నెమ్మదిస్తుందని ప్రయోగాల్లో తేలింది. నీకు వచ్చిన నియమం ఆ మాటకు సరిపోయిందో లేదో చూసుకుని, మధ్య మెట్లు వదలకుండా రాసి పంపు, దిద్ది పంపుతాను.